కాదంటే కాగితం మీద కాదనండి

మా రోజుల్లో కాలేజీకి ఎవరినైనా ఉపన్యాసానికి పిలవాలంటే ఠావు కాగితం మీద ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు రాసేవాళ్లం. వక్త పేరు, ఊరు, మాట్లాడే విషయం, తేదీ, ఏ హాలు కావాలి, అంతే. ఆయన చదివి అడుగున ఎర్ర సిరాతో 'సరే' అనో 'వీలుపడదు' అనో రాసి, కారణం ఒక ముక్క చేర్చి, తేదీ వేసి సంతకం పెట్టేవాడు. పరీక్షలు దగ్గర పడ్డాయనో, హాలు ఖాళీ లేదనో, ఈయన వస్తే గొడవలవుతాయనో ఆ కారణం ఉండేది. మాకు నచ్చకపోతే అదే కాగితం పట్టుకుని మళ్లీ ఆయన గదికి పోయేవాళ్లం. "గొడవ ఎవరు చేస్తరు సార్, పేర్లు చెప్పున్రి" అని నిలదీసేవాళ్లం. ఒక్కోసారి ఆయన మెత్తబడేవాడు, ఒక్కోసారి మేమే తేదీ మార్చుకునేవాళ్లం. ఇవాళ ఆ కాగితం మాయమైంది. వద్దనడం మాత్రం అప్పటికంటే ఎక్కువైంది. వద్దన్నది ఎవరో, ఎందుకో తెలియకుండా పోయింది. నా బాధంతా అదే.

మాది ధర్పల్లి. డెబ్బైల మొదట్లో నిజామాబాద్‌లో డిగ్రీ చదివాను. డిచ్‌పల్లి మీదుగా పోయే బస్సులో పట్నం చేరి, గది అద్దెకు తీసుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న బియ్యంతో వండుకుని తిన్న తరం మాది. కాలేజీలో విద్యార్థి సంఘానికి ఎన్నికలు జరిగేవి. గెలిచినవాళ్ల మొదటి పని మంచి వక్తల్ని తీసుకురావడం. హైదరాబాద్ నుంచి మీటర్‌గేజ్ రైల్లో వచ్చే మనిషి కోసం స్టేషన్‌లో గంటలకొద్దీ కాచుకునేవాళ్లం. రిక్షాలో తీసుకొచ్చి మా గదిలోనే పడుకోబెట్టేవాళ్లం. లాడ్జి పెట్టడానికి డబ్బులు ఎక్కడివి? పాత న్యూస్‌పేపర్ల మీద ఎర్ర రంగుతో రాసిన పోస్టర్లు, అప్పు మీద అచ్చు వేయించిన కరపత్రాలు, చందాలతో తెచ్చిన మైకు సెట్టు, సభంటే ఇవే. ఆ మనిషి రాత్రి మా గదిలో పప్పుచారు తింటూ మాట్లాడిన మాటలు మరునాటి ఉపన్యాసం కంటే ఎక్కువ నేర్పేవి.

ఒక సభ బాగా గుర్తుంది. భూపరిమితి చట్టం వచ్చిన 1973 ప్రాంతం. ఆ చట్టం గురించి మాట్లాడడానికి ఒక పెద్దమనిషిని పిలిచాం. హాల్లో భూములు పోతాయని భయపడుతున్న పటేళ్ల కొడుకులున్నారు, వాళ్ల భూములే దున్నుతున్న పాలేర్ల కొడుకులూ ఉన్నారు. ఒకే బెంచీ మీద భుజం భుజం తగిలేలా కూర్చున్నారు. ఉపన్యాసం అయ్యాక ప్రశ్నలు చీటీల మీద రాసి పంపడం ఆనవాయితీ. కార్యదర్శి చీటీలు సర్ది ఇవ్వబోతుంటే ఆయన వద్దని, అన్నీ తన ముందు కుప్పగా పోయించుకున్నాడు. మొదట చేతికొచ్చిన చీటీని బిగ్గరగా చదివాడు. 'మీకెంత భూమి ఉంది? అందులో ఎంత పంచిన్రు?' హాలంతా గొల్లుమంది. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తండ్రి నుంచి వచ్చిన భూమి ఎంతో, తమ్ముళ్ల వాటా ఎంతో, కౌలుకిచ్చింది ఎంతో లెక్క చెప్పాడు. పంచింది లేదని ఒప్పుకున్నాడు. "చట్టం అమలైతే మా ఇంట్ల కూడా పోతది. పోవాలెననే నేను మాట్లాడుతున్న" అన్నాడు. చీటీ రాసిన పిల్లగాడు లేచి నిలబడి ఇంకో ప్రశ్న వేశాడు. ఆ మాటకు ఈ మాట, చీకటి పడేదాకా నడిచింది. పటేళ్ల పిల్లల్లో ఒకడు ఆయన చెప్పిన లెక్కలో తప్పు పట్టుకున్నాడు కూడా. ఆయన నోట్‌బుక్ తీసి దిద్దుకున్నాడు.

అది చదువు. క్లాసులో పౌరశాస్త్రం చదివితే రాని చదువు.

అప్పటి రోజులు మెత్తనివని నేను అనడం లేదు. ఉస్మానియాలో విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డిని పొడిచి చంపింది 1972 ఏప్రిల్ 14న. మా జిల్లా కాలేజీల్లోనూ కర్రలు లేచిన రోజులున్నాయి, సభలో కుర్చీలు విరిగిన రోజులున్నాయి. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టాక పిలిచేవాళ్లూ రాగలిగినవాళ్లూ చాలామంది జైళ్లలో పడ్డారు. ఎనభైల చివర్లో రాష్ట్రంలో విద్యార్థి సంఘాల ఎన్నికలే ఆగిపోయాయి. నన్నడిగితే అక్కడే దారి తప్పింది. ఎన్నికైన సంఘం ఉంటే దరఖాస్తు కింద సంతకం పెట్టే హోదా ఒకరికి ఉండేది. సంఘం పోయాక అడిగేవాడు ఒంటరివాడయ్యాడు. ఒంటరివాడికి కాగితం మీద జవాబు ఇవ్వాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

ఈ సభల, అనుమతుల కొట్లాట మన తెలంగాణకు కొత్తది కాదు. ఇప్పటి పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు కాబట్టి చెప్తున్నాను. 1921 నవంబర్‌లో హైదరాబాద్ వివేకవర్ధిని థియేటర్లో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడడం మొదలుపెడితే గేలి చేసి మాట సాగనివ్వలేదు. ఆ అవమానం భరించలేక కొందరు అప్పటికప్పుడు కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. ఒక మనిషి నోరు మూయిస్తే పుట్టిన సంఘమే పెరిగి పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. ఆ మహాసభ 1937లో మా నిజామాబాద్‌లోనే మందుముల నరసింగరావు అధ్యక్షతన జరిగింది.

నిజాం సర్కారులో సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 అనే హుకుం అడ్డం వచ్చేది. ముందుగా సర్కారు అనుమతి లేకుండా సభ జరపరాదు. రాజకీయం మాట్లాడాలంటే సంస్థానం దాటిపోవాల్సిందే. అందుకే హైదరాబాద్ రాజకీయ మహాసభలు కాకినాడలో, బొంబాయిలో, పుణెలో, అకోలాలో జరిగాయి, హైదరాబాద్ రాజ్యంలో మాత్రం జరగలేదు. 1938లో ఉస్మానియా విద్యార్థులు వందేమాతరం పాడినందుకు వందల మందిని వెళ్లగొట్టారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లను చేర్చుకుంది. తర్వాత ప్రధాని అయిన పి.వి.నరసింహారావు అలా నాగపూర్ పోయి చదువుకున్నవారే. ఇక కవి దాశరథి, రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి మా నిజామాబాద్ ఖిల్లా జైలులో కలిసి ఉన్నారు. కాగితం దొరకని చోట దాశరథి బొగ్గు పట్టుకుని జైలు గోడ మీద పద్యాలు రాశారు.

ఆ నిర్బంధాన్ని ఎవరూ మెచ్చుకోరు. కానీ ఒకటి గమనించండి. దానికొక నంబరుండేది. గస్తీ నిషాన్ 53 అంటే ఊరూరా తెలుసు. మాడపాటి హనుమంతరావు వంటివాళ్లు దాని మీద విజ్ఞప్తులు రాశారు, మహాసభలు దాన్ని రద్దు చేయాలని తీర్మానాలు చేశాయి. శత్రువు ఎక్కడున్నాడో చూపించి కొట్లాడారు. ఇప్పటి పిల్లలు దేని మీద తీర్మానం చేయాలి? 'పైనుంచి ఫోనొచ్చింది' అన్న మాట మీదా?

కాగితం ఉన్నచోట ఏమవుతుందో తెలంగాణ ఉద్యమమే చూపించింది. 2010 జనవరిలో ఉస్మానియా విద్యార్థులు గర్జన సభ తలపెట్టారు. పోలీసులు అనుమతి ఇవ్వలేదు. ఇవ్వలేదు కాబట్టి హైకోర్టుకు పోయారు. షరతులతో అనుమతి వచ్చింది. జనవరి 3న ఆర్ట్స్ కాలేజీ ముందు సభ జరిగింది. మా ఊరి నుంచీ పిల్లలు పోయారు. అప్పుడు కాదన్న మాట గాల్లో తేలే మాటే అయ్యుంటే ఏ కోర్టు దేన్ని కొట్టేస్తుంది?

తెచ్చుకున్న తెలంగాణలో ఏం జరిగిందో కూడా చూశాం. 2016 జనవరిలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల చనిపోయాక హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం అట్టుడికింది. మార్చి 23న విద్యార్థులు ఢిల్లీ జేఎన్‌యూ విద్యార్థి నాయకుడు కన్హయ్య కుమార్‌ను పిలిస్తే గేటు దగ్గరే ఆపేశారు. 2022 మే నెలలో రాహుల్ గాంధీని ఉస్మానియాకు పిలుస్తామని విద్యార్థులు అడిగారు. క్యాంపస్‌లో రాజకీయ సభలు, బహిరంగ సభలు వద్దని పాలకమండలి 2021లో చేసిన తీర్మానం చూపించి విశ్వవిద్యాలయం కాదంది. సంగతి హైకోర్టు దాకా పోయినా ఆ సభ జరగలేదు. నిరసన తెలిపిన విద్యార్థి నాయకులను చంచల్‌గూడ జైలుకు పంపారు. మే 7న రాహుల్ గాంధీ వాళ్లను ఆ జైలులోనే కలిశారు. విశ్వవిద్యాలయంలో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాల్సినవాళ్లు జైలులో కలుసుకోవాల్సి వచ్చిందంటే నాకు కడుపు రగిలిపోయింది. నేను ఆ పార్టీవాణ్ని కాను. ఆయన వచ్చి మాట్లాడితే మొదటి చీటీ నేనే రాసేవాణ్ని.

2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. క్యాంపస్ గేటు దగ్గర ఆగిపోయిన పార్టీయే గద్దె మీదికొచ్చింది. 2025 మార్చిలో అదే ఉస్మానియాలో విభాగాల్లో, కాలేజీల్లో, పాలనాభవనంలో ధర్నాలు, నినాదాలు నిషేధిస్తూ సర్క్యులర్ వచ్చింది. అందుకే చెప్తున్నాను, ఏ పార్టీ జెండా కప్పుకుని ఈ సమస్యను చూసినా లాభం లేదు. ఇవాళ పక్కోడి నోటికి వేసిన తాళం రేపు మన నోటికి సరిగ్గా సరిపోతుంది. ఆ రెండుసార్లూ కనీసం తీర్మానమో సర్క్యులరో ఉంది, పేపర్లు రాశాయి, జనం తిట్టారు, కోర్టు గడప తొక్కారు. ఉస్మానియా పెద్దది కాబట్టి అంత జరిగింది. మా జిల్లాల్లోని చిన్న కాలేజీల సంగతి ఎవరికి పడుతుంది?

నా మనవరాలు చదివే కాలేజీ పేరు రాయను. ప్రభుత్వ కాలేజీ, మా ప్రాంతంలోనిదే. అర్థశాస్త్రం చదివే పిల్లలు కొందరు బోధన్ దిక్కు నుంచి ఒక ముసలి చెరకు రైతును పిలుద్దామనుకున్నారు. శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ గురించి మాట్లాడించాలని. ముప్పైల్లో పెట్టిన ఫ్యాక్టరీ అది. ఆసియాలోనే పెద్దదని మా నాయనలు గొప్పగా చెప్పుకునేవాళ్లు. 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. దాని చుట్టే బతికిన ఊళ్లలో పుట్టిన పిల్లలకు అది ఎందుకు మూతపడిందో తెలుసుకోవాలని ఉండదా? పిల్లలు హాలు అడిగారు. ముందు సరే అన్నారు. సభకు ముందురోజు వద్దన్నారు.

"ఎందుకు వద్దన్నరు బిడ్డా?" అని అడిగాను.

"ఫోనొచ్చిందట తాతా."

"ఎవరు చేసిన్రు?"

"చెప్పలే. రాజకీయం ఐతదన్నరు. మీ మంచికే చెప్తున్న, చదువుకోన్రి అన్నరు."

"రాసిచ్చిన్రా?"

"రాసియ్యమంటే సార్ నవ్విండు తాతా."

ఆ నవ్వు నాకు మింగుడు పడలేదు. ఆ సారును నేను తిట్టను. ఆయన ఉద్యోగం ఆయనది, ఆయనకూ పైన ఒకరుంటారు. కానీ చెరకు రైతు గొంతు రాజకీయమైతే ఈ జిల్లాలో రాజకీయం కానిదేముంది? 2019 పార్లమెంటు ఎన్నికల్లో పసుపు ధర కోసం, పసుపు బోర్డు కోసం రైతులు వరుస కట్టి నామినేషన్లు వేస్తే నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు. దేశమంతా మా దిక్కు చూసింది. ఆ రైతుల్లో ఒక్కరినైనా ఒక్క కాలేజీవాళ్లు పిలిచి 'ఏం జరిగిందో పిల్లలకు చెప్పన్నా' అన్నారని నేను వినలేదు. పసుపు బోర్డు వచ్చింది, దాని వల్ల క్వింటాలుకు రైతుకేం మిగిలిందో తేల్చుకునే చర్చ మా పిల్లలు కాక ఎవరు చేయాలి?

అదే కాలేజీల్లో మరి ఎవరొస్తున్నారు? వ్యక్తిత్వ వికాసం అని ఒకాయన మైకు పట్టుకుని పిల్లలతో చప్పట్లు కొట్టిస్తాడు. విదేశీ చదువుల కన్సల్టెన్సీవాళ్లు బ్రోషర్లు పంచుతారు. కోచింగ్ సెంటర్లవాళ్లు ర్యాంకుల ఫ్లెక్సీలతో వస్తారు. వీళ్లెవరికీ పైనుంచి ఫోను రాదు. ఉపన్యాసం అయ్యాక చీటీలుండవు. సెల్ఫీలుంటాయి. పిల్లలకు ఉద్యోగాలు కావాలి, కాదనను. బీడీలు చుట్టి ఫీజు కట్టిన తల్లులు, గల్ఫ్‌లో ఎండకు మాడిన తండ్రులు ఉన్న ఊళ్లు ఇవి. కానీ ఆ తల్లికి బీడీల కూలి ఎందుకంతే ఉందో, ఆ తండ్రి పాస్‌పోర్టును గల్ఫ్‌లో ఎవరు లాక్కున్నారో అడిగే మనిషినీ అదే మైకు ముందు నిలబెట్టాలి కదా.

గొడవలవుతాయి, చదువు పాడవుతుంది అంటారు. సభ ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు, మైకు ఎంత గట్టిగా అన్నవి కాలేజీ నిర్ణయించవచ్చు. పరీక్షల వారంలో వద్దంటే నేను ఒప్పుకుంటాను. హింసకు రెచ్చగొడితే చట్టముంది. కానీ ఏం మాట్లాడాలి, ఎవరు మాట్లాడాలి అన్నది గొడవ చేస్తామని బెదిరించేవాడు తేలుస్తున్నాడు. అక్కడే నాకు అభ్యంతరం. బెదిరించినవాడిని గేటు దగ్గర ఆపాలి. వచ్చిన అతిథిని ఆపుతున్నారు. రాళ్లు వేస్తామన్నవాడి మాట చెల్లుబాటైతే, రేపు అవతలివాడు కూడా రాళ్లే ఏరుకుంటాడు. 2009 డిసెంబర్‌లో ఉస్మానియాకు వచ్చిన తెలుగుదేశం నాయకుడు నాగం జనార్దనరెడ్డి మీద విద్యార్థులు చేయి చేసుకున్నప్పుడు కూడా నేను ఇదే అన్నాను. ఉద్యమం మనదైనంత మాత్రాన కొట్టడం ఒప్పు కాదని ఊళ్లో అంటే నాతో మాట్లాడడం మానేసినవాళ్లున్నారు.

2023 జనవరి 26న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎస్ఎఫ్ఐ పిల్లలు ప్రధాని మోదీ మీద బీబీసీ తీసిన డాక్యుమెంటరీ వేశారు. అదే రోజు ఏబీవీపీ పిల్లలు 'ది కశ్మీర్ ఫైల్స్' వేశారు. ఎవరి తెర వాళ్లది. చూడదలచినవాళ్లు చూశారు. ఆకాశం ఊడిపడలేదు. మన ఊళ్ల పిల్లలు అప్పులు చేసి ఎంఎస్ చదవడానికి పోతున్న ఇంగ్లండ్‌లో అయితే దీని కోసం 2023లో చట్టమే చేశారు. విశ్వవిద్యాలయాలు వాక్ స్వాతంత్ర్యాన్ని కాపాడాలని, పిలిచిన వక్తను అభిప్రాయాన్ని బట్టి అడ్డుకోరాదని అందులో రాశారు. అంతటి చట్టం మనకిప్పుడే రాదు. రాజ్యాంగం 19వ అధికరణం మాత్రం ఉంది. మాట్లాడే హక్కు, శాంతంగా కూడే హక్కు అందులోనే పక్కపక్కన ఉన్నాయి. నా లెక్కలో ఆ చెరకు రైతుకు పోయింది తక్కువ. ఆయనకు చెట్టు కింద రచ్చ ఉంది, ఊరుంది, మాట్లాడుకుంటాడు. పోయింది వినాల్సిన పిల్లలది. పద్దెనిమిదేళ్లకు ఓటు ఇచ్చి, ఎవరి మాట వినాలో మాత్రం మేం చెప్తాం అనడం ఏం న్యాయం?

హాలు ఇవ్వనన్నాక పిల్లలు ఊరుకోలేదు. ధర్పల్లిలో ఒక కులసంఘం భవనం అడిగి తీసుకున్నారు. ఆదివారం సాయంత్రం ఆ రైతు వచ్చాడు. ఫ్యాక్టరీకి బండ్ల మీద చెరకు తోలిన రోజుల తూకం చీటీలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చాడు. పసుపుపచ్చబడి, మడతల దగ్గర చిరిగిపోయిన ఆ చీటీలు పిల్లలు చేతులు మార్చుకుంటూ చూశారు. గంటసేపు మాట్లాడాడు. బండ్ల వరుసలో రాత్రంతా పడిగాపులు, రికవరీ శాతం పేరుతో కోతలు, నెలల తరబడి రాని బిల్లులు, ప్రైవేటువాళ్ల చేతికిచ్చిన తీరు, జీతాలు ఆగిన కార్మికులు, అన్నీ చెప్పాడు.

వెనక బెంచీ నుంచి ఒక ఆడపిల్ల లేచింది. "తాతా, చెరకే దొరకలె, అందుకే నడపలేకపోయినం అని వాళ్లంటున్నరు గద. మీరే వరికి మారిన్రు గద?" అంది.

ఆయన కాసేపు తల గోక్కున్నాడు. "అదీ నిజమే బిడ్డా. చెరకు ఏడాది పంట. నరికే కూలోళ్లు దొరకలె. బిల్లు ఎప్పుడొస్తదో తెల్వది. వరి ఏస్తే ఆర్నెల్లకు పైసలు. నేను నాలుగెకరాలు మార్చిన" అన్నాడు. "మరి ముందు ఎవరు తప్పు చేసిన్రు, మీరా వాళ్లా?" అని ఆ పిల్ల వదలలేదు. అక్కడి నుంచి వాదన మొదలైంది. బిల్లులు ఆగినందుకే చెరకు తగ్గిందని కొందరు, చెరకు తగ్గినందుకే ఫ్యాక్టరీ మునిగిందని కొందరు. ఇంటికి పోతూ కూడా మాట్లాడుకుంటూనే పోయారు. ఇందులో కాలేజీ భయపడాల్సిందేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఈసారి ఆ ఫ్యాక్టరీని మళ్లీ తెరవడం దండగ అని వాదించే మనిషిని పిలుస్తామంటున్నారు. రెండో పక్షం కూడా వినాలట. కులసంఘం భవనం మళ్లీ ఇస్తామన్నారు, నేనే వద్దన్నాను. కాలేజీ హాలు వాళ్లది, వాళ్ల ఫీజుతో నడిచేది, అక్కడే అడగాలి. మనవరాలు దరఖాస్తు రాసింది. వక్త పేరు, ఊరు, విషయం, తేదీ, హాలు. రెండు కాపీలు తీయమన్నాను. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని ముద్ర కొట్టించుకోమన్నాను. జవాబు నోటితో చెప్తే వెంటనే 2005 సమాచార హక్కు చట్టం కింద ఇంకో దరఖాస్తు పెట్టాలి: మా అర్జీ మీద ఏ నిర్ణయం తీసుకున్నారు, ఎవరు తీసుకున్నారు, ఏ నిబంధన కింద, ఫైలు నకలు ఇవ్వండి అని. అది కూడా నేనే కూర్చోబెట్టి రాయించాను. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మొదటి దరఖాస్తు సోమవారం ఇస్తున్నారు.